మోటారు బండికి ముందు ఇరుసు మార్పించుట లాభమా?

గడచిన వేసవి సెలవులకు ముందు, మా పాఠశాలలో ఇద్దఱు బిడ్డలను చదివించుచున్న రైతు ఒకరు మా విజ్ఞానశాస్త్రపు గదికి వచ్చి యొక సందేహము నడిగిరి. వారి పొలము మిర్యాలగూడ, కోదాడల నడుమ నాగార్జునసాగరు ఎడమ కాలువకు ఆవల నున్నది. వారియొద్ద ఇంకొకరు వాడి విక్రయించిన పాత థార్ బండి యొకటి కలదు. వానకాలమున ఆ బండి పొలము దారిలో రెండు మూడు మారులు దిగబడెను. ఎవరో చూచి, “దీనికి ముందు చక్రములు విడివిడిగా నున్నవి. వాని యమరికను తీసివేసి పాత జీపునకువలె రెండింటికి ఒకే యిరుసు వేయింపుడు. పిమ్మట ఎక్కడికైనను పోవును” అని చెప్పిరట. యాసంగి పంటపై మిగిలిన సొమ్ము వారి చేతిలో నుండెను. “మాస్టరుగారూ, ఆ సొమ్ము దీనికి పెట్టవచ్చునా? ఈ బండిలోనే గదా ప్రతి సోమవారము పిల్లలను కోదాడ మీదుగా పెద్ద రహదారి నెక్కించి మీ వసతిగృహమునకు తెచ్చుచున్నాను” అని వారు మమ్మడిగిరి.

మేము వెంటనే ప్రత్యుత్తర మియ్యలేదు. ప్రశ్నలో రెండు పాళ్లున్నవి. బండి బురదలో నడచునా అనునది యొకటి. బిడ్డలను ఎక్కించుకొని రహదారిపై వేగముగా పోవునపుడు క్షేమముగా నడచునా అనునది రెండవది. ఉన్నత తరగతుల విద్యార్థులతో గూడి కొన్ని శనివారములు ఈ విషయమును పరిశీలించితిమి. ఎడ్లబండి మొదలు లారీవరకు క్రింద వంగి చూచితిమి. కొన్ని లెక్కలు వేసితిమి. ఇట్టి సందేహము మన ప్రాంతమున పలువురకు గలదని తెలిసినందున, మాకు తోచిన సమాధానమును ఇందు వ్రాయుచున్నాము.

ఇరుసు అననేమి?

ఎడ్లబండిని చూచినవారికి ఇరుసు సంగతి వేరుగా చెప్ప నక్కఱలేదు. రెండు చక్రముల కుండలలో దూరి, చివరలయందు చీలలచేత చక్రములను నిలుపునదియే యిరుసు. కుడి చక్రము రాతి నెక్కినచో ఇరుసంతయు ఎడమకు ఒరగును. దానితోపాటు బండియు, బండిలోని బస్తాలును ఒరగును. రెండు చక్రములును ఒకే కడ్డీకి కట్టుబడి యున్నందున ఒకదానికి వచ్చిన కష్టము రెండవదానికిని తప్పదు. ఇట్టి యిరుసును ఈ వ్యాసమున ‘నిండు ఇరుసు’ అని పిలుతము.

సూర్యాపేటయొద్ద రహదారి ప్రక్కను నిలిచిన లారీ ముందు భాగమున వంగి చూచినచో అక్కడను నిండు ఇరుసే కనబడును. అది ఒక చక్రము మొదలు రెండవ చక్రమువరకు సాగిన ఉక్కు దూలము. ఐతే ఇరుసునకును లారీ చట్టమునకును నడుమ కమాను కట్టలున్నవి. చక్రమునకు తగిలిన దెబ్బలో కొంత అవి మ్రింగుకొనును. ట్రాక్టరు ముందు ఇరుసు మఱియొక విధము. సాధారణముగా దానికి కమానులు లేవు. అది నడుమ నొక పిన్నుపై నిలిచి త్రాసు కఱ్ఱవలె ఊగును. ఒక చక్రము గట్టు నెక్కినను రెండవది నేలను విడువదు. ట్రాక్టరు శరీరము అంతగా ఒరగదు.

నాలుగు చక్రములకును శక్తి నందించు జీపులో ముందు ఇరుసు కేవలము దూలము కాదు. అది బోలుగా నుండు ఉక్కు గొట్టము. నడుమ ఉబ్బెత్తుగా నుండు పెట్టెలో డిఫరెన్షియల్ అను పండ్లచక్రముల సమూహ ముండును. అచ్చటనుండి రెండు షాఫ్టులు రెండు చక్రములకు పోవును. చివరలయందు చక్రము ఇటునటు తిరుగుటకు కీళ్లు గలవు.

విడివిడి చక్రముల యమరికలో రెండింటిని కలుపు దూలము లేదు. ఒక్కొక్క చక్రము రెండు చేతులవంటి కడ్డీలచేత బండి చట్టమునకు తగిలింపబడి, తన స్ప్రింగుపై తాను లేచి దిగును. డిఫరెన్షియల్ పెట్టె చక్రములతో లేచి దిగక చట్టమునకే బిగింపబడి యుండును. కుడి చక్రము గుంటలో పడినను ఎడమ చక్రమునకు ఆ వార్త అంతగా చేరదు.

కొంత చరిత్ర

పూర్వము కార్లకును ముందు నిండు ఇరుసే యుండెడిది. ఇటలీ దేశమున 1922లో వెలువడిన లాన్సియా లాంబ్డా అను కారు విడివిడి ముందు చక్రములతో పేరుగాంచెను. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1934వ సంవత్సరపు కార్లలో ఈ యమరికను ప్రవేశపెట్టెను. వేగము హెచ్చినకొలది నిండు ఇరుసుగల ముందు చక్రములు వణకుచుండుటయు, ప్రయాణము కుదుపులపాలగుటయు ఈ మార్పునకు కారణములు.

జీపు వేఱు త్రోవను నడచెను. 1941 మొదలు 1945వరకు యుద్ధమునకై నిర్మింపబడిన విల్లీస్ జీపునకు ముందును వెనుకను నిండు ఇరుసులే. వానిపై కమాను కట్టలే. ఏలయన దానికి కావలసినది సుఖము కాదు, గట్టిదనము. ఎక్కడనైనను సుత్తియు రెంచియు గలవాడు బాగుచేయగల సులువు. 1945లో స్థాపింపబడి పిమ్మట మహీంద్రా అండ్ మహీంద్రా యని పేరు పొందిన సంస్థ 1940ల చివరి యేండ్లలో విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చుటకు ఆరంభించెను. 1985లో మారుతి సంస్థ వెలువరించిన జిప్సీ బండికిని రెండువైపుల నిండు ఇరుసులే.

2010లో వెలువడిన థార్ బండి రూపమున పాత జీపును బోలినను, దానిలో సీఆర్‌డీఈ యంత్రముగల రకమునకు ముందు చక్రములు విడివిడిగా నమర్చిరి. మెలిపడి మరల యథాస్థితికి వచ్చు టార్షన్ బారు అను ఉక్కు కడ్డీ అచ్చట స్ప్రింగు పని చేయును. వెనుక మాత్రము కమాను కట్టలతో నిండు ఇరుసే. 2020లో వచ్చిన క్రొత్త థార్‌నకును ముందు చక్రములు విడివిడిగానే యున్నవి. వెనుక నిండు ఇరుసే. 2023లో మన దేశమున వెలువడిన మారుతి జిమ్నీ బండికి మాత్రము ముందును వెనుకను నిండు ఇరుసులే యుంచి, కమాను కట్టలకు బదులు చుట్టు స్ప్రింగులు వేసిరి.

ఇతర దేశములందును నిర్ణయము ఏకముఖముగా లేదు. జీప్ రాంగ్లర్ ముందు నిండు ఇరుసును విడువలేదు. మెర్సిడెస్ జీ-క్లాస్ దానిని 2018లో విడిచెను. అమెరికా సైన్యమునకై 1980లలో వచ్చిన హమ్వీ బండికి నాలుగు చక్రములును విడివిడియే; ఐనను దాని క్రింద నేలకు సుమారు 40 సెంటీమీటర్ల ఎడముండును. కనుక “కొండలు గుట్టలు ఎక్కు బండికి నిండు ఇరుసు తప్ప వేఱు గతి లేదు” అనుట సరికాదు. “నిండు ఇరుసు పాతకాలపుది, పనికిరానిది” అనుటయు సరికాదు.

నిండు ఇరుసు వలన కలుగు మేలు

మొదటిది, ఎగుడుదిగుడు నేలపై చక్రములు నేలను పట్టుకొనుట. ముందు చక్రముల నడుమ దూరము 140 సెంటీమీటర్లనుకొందము. ఒక చక్రము 20 సెంటీమీటర్ల రాతి నెక్కెను. అప్పుడు నిండు ఇరుసు 7 పాళ్లకు 1 పాలు చొప్పున, అనగా సుమారు 8 డిగ్రీలు ఒరగును. ఎక్కిన చక్రము తన వైపు స్ప్రింగును పైకి నొక్కుచుండగా, ఆ యూపు రెండవ చక్రమును క్రిందికి ఒత్తును. ఇది యూగుడు బల్లపై ఇద్దఱు పిల్లలు కూర్చున్నట్లు. విడివిడి చక్రములకు ఈ పరస్పర సహాయము లేదు. కావున రాళ్లలో ఒక చక్రము గాలిలో వ్రేలాడుట వానికి త్వరగా సంభవించును.

రెండవది, నేలకును బండి అడుగునకును గల ఎడము. టైరు నడిమినుండి నేలకు 36 సెంటీమీటర్లు, డిఫరెన్షియల్ పెట్టె నడిమినుండి దాని యడుగుకు 15 సెంటీమీటర్లు అయినచో, ఎడము 21 సెంటీమీటర్లు. బండిలో పది బస్తాలు వేసినను ఈ 21 మాఱదు. ఏలయన ఆ పెట్టె చక్రములతోనే యున్నది. విడివిడి అమరికలో పెట్టె చట్టముతో నున్నందున, బరువుచేత బండి 5 సెంటీమీటర్లు క్రుంగినచో పెట్టెయు 5 సెంటీమీటర్లు నేలకు దగ్గఱగును.

మూడవది, గట్టిదనము. కదలు కీళ్లు తక్కువ. రబ్బరు తొడుగులు తక్కువ. రాతికి తగిలినను గొట్టము సులభముగా వంగదు. రాళ్ల గుట్టలయందు మెల్లమెల్లగా ప్రాకించు పందెగాండ్రు దీనిని కోరుటకు ఇవియే కారణములు. ఆ కోరిక న్యాయమైనదే.

దానివలన కలుగు కీడు

మొదటిది బరువు. ఇరుసు, పెట్టె, షాఫ్టులు అన్నియు స్ప్రింగుల క్రింద నున్నవి. రహదారిపై ప్రతి గుంటయొద్ద ఆ బరువంతయు ఎగిరి పడవలెను. అట్లు పడునపుడు టైరు క్షణకాలము నేలను తేలికగా మాత్రమే తాకును. నేలను సరిగా తాకని టైరు బ్రేకునకు గాని స్టీరింగునకు గాని లోబడదు.

రెండవది వణకు. దీని కారణమును మా విద్యార్థులు సైకిలు చక్రముతో తెలిసికొనిరి. సైకిలు ముందు చక్రమును ఊడదీసి, దాని యిరుసు చివరలను రెండు చేతులతో పట్టుకొని, మఱియొకరిచేత వేగముగా త్రిప్పించి, ఒక ప్రక్కకు ఒరగించి చూడుడు. చక్రము మీరు ఒరగించిన దిక్కునకు ఒరగుటతో ఊరకుండక, మీ చేతులను మెలిపెట్టి ఆ వైపునకు తిరుగజూచును. తిరుగుచున్న వస్తువులకు ఇది స్వభావము. నిండు ఇరుసుపై ఎడమ చక్రము గతుకు నెక్కినచో రెండు చక్రములును కలిసి కుడికి ఒరగును. ఒరగిన వెంటనే కుడికి తిరుగజూచును. గతుకు దిగునపుడు దీనికి విరుద్ధముగా జరుగును. కీళ్లు అరిగి వదులైనను, చక్రముల కోణములు తప్పినను, ఈ చిన్న తిరుగుడు ఆగక ఒకదానిపై నొకటి పెరిగి, స్టీరింగు చక్రము చేతులలో నిలువని ఘోరమైన కంపముగా మాఱవచ్చును. కర్మాగారమున ఈ దోషము రాకుండ కోణములను, కడ్డీల పొడవును లెక్కించి, పరీక్షించి నిర్ణయింతురు. రహదారి ప్రక్క షెడ్డులో ఆ పరీక్షలు చేయువారెవరు?

మూడవది ఎత్తు. పాత ఇరుసును కమాను కట్టలతో క్రొత్త చట్టము క్రింద నమర్చునపుడు సాధారణముగా బండి ఎత్తు పెరుగును. చక్రముల నడుమ 140 సెంటీమీటర్లు గల బండి బరువునకు కేంద్రము నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున నున్నచో, కదలక నిలిచిన బండి 45 డిగ్రీలవరకు ఒరగినను పడదని లెక్కకు వచ్చును. కేంద్రము 80 సెంటీమీటర్లకు లేచినచో ఆ హద్దు సుమారు 41 డిగ్రీలకు దిగును. స్ప్రింగులును టైర్లును ఒక ప్రక్కకు నొక్కుకొనుటచేత వాస్తవమున ఆ హద్దు ఇంకను తక్కువ. కాలువ కట్టపై ప్రక్కవాలుగా దిగువానికిని, రహదారిపై అడ్డము వచ్చిన బఱ్ఱెను తప్పించుటకు ఒక్కసారిగా స్టీరింగు త్రిప్పువానికిని ఈ వ్యత్యాసము చిన్నది కాదు.

మార్పించుట యనగా ఏమి?

“ఇరుసు మార్చుట” అనునది చెప్పులు మార్చినంత సులువుగా వినబడును. వాస్తవమున చేయవలసిన పనులు ఇవి. ముందున్న చేతులు, టార్షన్ బారులు, వాని ఆధారములు కోసివేయవలెను. చట్టమునకు కమాను కట్టల ఆధారములు క్రొత్తగా అతుకవలెను. చట్టమందు ఎచ్చట కోసినను, ఎచ్చట వేడిచేసి అతికినను ఆ చోట ఉక్కు గుణము మాఱును. అతుకు మంచిది కానిచో చీలిక అచ్చటనే పుట్టును. స్టీరింగు పెట్టెయు కడ్డీలును మార్చవలెను. బ్రేకు గొట్టములు పొడిగింపవలెను. శక్తి నందించు షాఫ్టు పొడవును కోణమును సరిచేయవలెను. డిఫరెన్షియల్ పెట్టె లేచి దిగునపుడు యంత్రపు అడుగుభాగమునకు తగులకుండ తావు విడువవలెను.

ఇంతకు మించి మఱియొక చిక్కు కలదు. ముందు ఇరుసు పండ్ల నిష్పత్తియు వెనుక ఇరుసు నిష్పత్తియు ఒకటే కావలెను. ప్రసిద్ధమైన విల్లీస్ జీపు ఇరుసు నిష్పత్తి 4.88. అనగా చక్రము ఒక చుట్టు తిరుగుటకు షాఫ్టు 4.88 చుట్లు తిరుగవలెను. మన బండి వెనుక ఇరుసు నిష్పత్తి 4.30 అనుకొందము. టైరు చుట్టుకొలత 2.3 మీటర్లయినచో ఒక కిలోమీటరునకు చక్రము సుమారు 435 చుట్లు తిరుగును. వెనుక షాఫ్టు సుమారు 1,870 చుట్లును, ముందు షాఫ్టు సుమారు 2,120 చుట్లును తిరుగవలెను. నాలుగు చక్రముల గేరు వేసినపుడు రెండు షాఫ్టులును కలిసి బిగిసి యుండును. కిలోమీటరునకు 250 చుట్ల తగవు తీఱు దారి ఏది? టైర్లు జారవలెను, లేదా ఏదో ఒకటి విరుగవలెను. తెలియనివాడు అంగడిలో చవుకగా దొరకిన పాత ఇరుసును తెచ్చి వేయించినచో ఫలిత మిట్లే యుండును.

మన నేల ఏమి యడుగుచున్నది?

ఇపుడు మన మూడు పట్టణముల ప్రాంతమును చూతము. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై నున్నవి. అచ్చట నేల సమము. ప్రమాదము వేగము వలన. కోదాడనుండి మిర్యాలగూడవైపు పోవునపుడు ఎడమ కాలువ నీటితో పండు మాగాణములును, అచ్చటచ్చట నల్లరేగడి భూములును గలవు. అచ్చటి చిక్కు బురద. చెల్క భూములలో వానకు కోసికొనిపోయిన వాగు దారులు గలవు. పెద్ద రాళ్లపై ఒక్కొక్క చక్రమును ఎత్తి ప్రాకవలసిన దారి మన రైతులకు అరుదు.

బురదలో దిగబడుట వేఱు. రాళ్లలో నిలిచిపోవుట వేఱు. దమ్ము చేసిన మడిలోను, తడిసిన రేగడిలోను బండి నిలిచిపోవుటకు కారణము చక్రము గాలిలో వ్రేలాడుట కాదు. టైరు పల్లములు మట్టితో నిండి నున్ననై జారుట. ట్రాక్టరు టైర్ల గాడులు దారిలో లోతుగా పడినపుడు నిండు ఇరుసు పెట్టె రెండు గాడుల నడిమి మట్టిలో నాగలివలె దున్నుకొనుచు పోవలసి వచ్చును. చక్రములతోపాటు అదియు దిగినందున అచ్చట దాని గట్టిదనము సాయము చేయదు. రైతులు దమ్మునకై ట్రాక్టరు ఇరుసును మార్చుట లేదు. ఇనుప దమ్ము చక్రములు తగిలించుచున్నారు. నేలను తాకు భాగమును మార్చవలెనను ఈ తెలివి వారికి అనుభవమువలన వచ్చినది. జీపునకును ఆ తెలివియే వర్తించును.

టైరు గాలి సంగతి చూడుడు. ఒక చక్రముపై 450 కిలోల బరువున్నదనుకొందము. టైరులో చదరపు అంగుళమునకు 30 పౌండ్ల గాలి, అనగా చదరపు సెంటీమీటరునకు సుమారు 2.1 కిలోల ఒత్తిడి యున్నచో, నేలను తాకు వైశాల్యము రమారమి 214 చదరపు సెంటీమీటర్లు. గాలిని సగమునకు తగ్గించినచో అది రమారమి 428 చదరపు సెంటీమీటర్లగును. టైరు గోడలును కొంత బరువు మోయుటచేత లెక్క ఖచ్చితముగా నిట్లే యుండదు గాని, దారి మాత్రము ఇదియే. ఒక్క రూపాయి ఖర్చు లేక టైరు పాదము దాదాపు రెట్టింపైనది. ఐతే ఇట్లు తగ్గించునపుడు మెల్లగా నడుపవలెను. రహదారి నెక్కుటకు ముందు గాలిని మరల నింపి తీరవలెను. గాలి తక్కువైన టైరు వేగమున వేడెక్కి పగులును.

రెండవ సాయము డిఫరెన్షియల్‌ను బిగించు సాధనము. సామాన్యమైన డిఫరెన్షియల్ రెండు చక్రములకును సమానమైన త్రిప్పుడు బలమునే ఇచ్చును. ఒక చక్రము బురదలో ఊరక తిరుగుచున్నచో దానికి కావలసిన బలము అత్యల్పము. గట్టినేలపై నున్న రెండవ చక్రమునకును ఆ యత్యల్పమే దక్కును. రెండింటిని కలిపి బిగించినచో గట్టినేలపై నున్నది బండిని లాగును. ఇట్టి సాధనము కొన్ని థార్ బండ్లకు కర్మాగారమునుండియే వెనుక ఇరుసున వచ్చినది. నిండు ఇరుసు వేయించి, డిఫరెన్షియల్‌ను మాత్రము మునుపటివలె విడిచినవాడు ఖర్చు చేసియు దిగబడును.

చట్టము ఏమనుచున్నది?

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు నిర్మాత నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును వివరించుచు, నిర్మాత యొసగిన మూల లక్షణములకు విరుద్ధమైన మార్పులు చెల్లవని తీర్పు చెప్పెను. అదే సంవత్సరపు సవరణచేత, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆఱు నెలలవరకు కారాగారమో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాయో, రెండునో విధింపవచ్చును. ప్రమాదము జరిగినపుడు బీమా సంస్థ అభ్యంతరము చెప్పుటకును ఇది దారి యిచ్చును. గాయపడినవారి కుటుంబము ఆ దినమున దిక్కుతోచక నిలువవలసి వచ్చును. కావున ఈ మాటను జరిమానా భయముతో కాక, ఇంటివారి క్షేమమును తలచి చదువవలెనని మా మనవి.

నీటి విషయమున ఒక హెచ్చరిక

బండి ఎత్తైనచో నీటిలోను పోవచ్చునను భ్రమ మనవారిలో కలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో కురిసిన మహావర్షమునకు కోదాడ ప్రాంతము జలమయమయ్యెను. నడిగూడెం మండలమున సాగరు ఎడమ కాలువకు గండిపడెను. బండ్లు ప్రవాహములో కొట్టుకొనిపోయి ప్రాణనష్టమును గలిగెను. ఆ దినములను మనము మఱువరాదు. 4 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు గల బండి అడుగునకు పైన 10 సెంటీమీటర్ల నీరు లేచినచో, లోనికి నీరు చొరకున్నంతవరకు, ఆ నీరు బండిని సుమారు 640 కిలోల బలముతో పైకెత్తును. 25 సెంటీమీటర్లు లేచినచో ఆ బలము 1,600 కిలోలగును. అంతటి బరువుగల బండి పడవవలె తేలును. తేలిన బండికి ఇరుసు నిండుదైనను విడివిడిదైనను ఒకటే. వాగు పొంగినపుడు ఒడ్డున నిలుచుటయే డ్రైవరు నేర్పు.

మా నిర్ణయము

రాళ్ల గుట్టలలో ప్రాకు పందెములకై, రహదారిపై నడుపక వేఱుగా నుంచుకొను బండికి, ఆ పని బాగుగా నెఱిగిన నిపుణుడు చేసినచో నిండు ఇరుసు మార్పు సార్థకము కావచ్చును. ఒకే బండితో పొలమునకును, అంగడికిని, బడికిని పోవు గృహస్థునకు అది లాభము కాదు. అట్టివానికి నిండు ఇరుసే కావలసినచో, కర్మాగారమునుండియే దానితో వచ్చిన బండిని కొనుట మేలు. దాని కోణములను, బ్రేకులను, కంపమును ముందే పరీక్షించి యుందురు. పాత జీపు గాని జిప్సీ గాని యున్నవారు దానిని చిన్నచూపు చూడ నక్కఱలేదు. కీళ్లను, బేరింగులను, కమాను పిన్నులను వేళకు చూపించుకొనుచు, రహదారిపై మితమైన వేగమున నడుపుకొనినచో చాలును.

మమ్మడిగిన రైతుగారికి ఈ మాటలే చెప్పితిమి. వారు మొదట కొంత చిన్నబోయిరి. క్రొత్త బలమేదో బండికి వచ్చునని ఆశించి యుండిరి గదా! పిమ్మట విద్యార్థులు బండి క్రింద దూరి చూడగా, ముందు చేతుల రబ్బరు బుష్షులు చితికి, ఒక బాల్ జాయింటు వదులై యుండెను. ఆ స్థితిలో బండి సోమవారము సోమవారము రహదారిపై వచ్చుచుండెనని తలచి మేమును వారును కొంతసేపు మాటలాడలేదు. దిగబడుటకంటె పెద్ద యపాయము వారి బండిలో అప్పటికే యుండెను. దానిని చూపినవారు అంతవరకు లేకపోయిరి. వారు ఆ భాగములను మార్పించిరి. బురదకు తగిన టైర్లను, గాలి కొలుచు సాధనమును, చిన్న పంపును, గట్టి త్రాడును కొనిరి. మిగిలిన సొమ్ము మిగిలియే యున్నది.

ఈ వానకాలమున ఆ బండి ఒకమారు దిగబడినది. టైర్ల గాలి తగ్గించి చూచిరి, కదలలేదు. పొరుగువారి ట్రాక్టరు వచ్చి త్రాటితో లాగినది. దమ్ము జరుగు దినములలో బండిని కాలువ కట్టమీదనే నిలిపి, పొలములోనికి నడచి పోవుచున్నామని వారు మొన్న చెప్పిరి. పిల్లలు మాత్రము ప్రతి సోమవారము మొదటి గంటకు ముందే తరగతిలో నుందురు.

విద్యార్థులారా, మీ యింట బండి యున్నచో ఈ సెలవులలో పెద్దవారి యనుమతితో, యంత్రము ఆపి, బండిని సమమైన నేలపై నిలిపి, దాని క్రింద ఒకమారు వంగి చూడుడు. ముందు చక్రములు ఒకే దూలమునకు కట్టుబడినవా, విడివిడిగా నున్నవా కనుగొనుడు. ఏ రబ్బరు చితికినది, ఏ పిన్ను వదులైనది వ్రాసి తెండు. క్రొత్తది కోరుటకు ముందు ఉన్నదానిని ఎఱుగుట మంచిది.